సంప్రదింపు: ‘కాదు’ అన్న తరవాత

కోకా సుబ్బారావు గారి పేరు వినగానే న్యాయశాస్త్రం చదివినవారికి 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు గుర్తుకొస్తుంది. ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణ పేరుతో కూడా కుదించజాలదన్న ఆ తీర్పు గురించి వాదోపవాదాలు నేటికీ ఆగలేదు. ఆయన స్మృతిలో చేస్తున్న ఈ ప్రసంగానికి నేను ఎంచుకున్నది మాత్రం అంతకు పద్నాలుగేళ్ల ముందటి సంగతి. రాజమండ్రిలో పుట్టి మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయిన సుబ్బారావు గారు 1953లో, పుష్పం కేసు తీర్పులో, ఒక ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పారు. ఆ మాట కన్సల్టేషన్. తెలుగులో సంప్రదింపు అంటున్నాం. చట్టంలో, జీవోలో, పత్రికలో రోజూ కనబడే మాట. దీనికి పర్యాయపదాలని మనం అనుకునే సలహా, చర్చ, సమ్మతి అనేవి నిజానికి పర్యాయపదాలు కావనీ, వాటిని ఒకదాని చోట ఒకటి వాడితే అధికారం చేతులు మారుతుందనీ, ఆ మార్పు వల్ల చివరికి నష్టపోయేది బలం లేనివారేననీ నా వాదం.

పర్యాయపదాల పట్టిక అసలు దేనికి పుట్టిందో ముందు చూడాలి. అమరకోశాన్ని మన పూర్వులు కంఠస్థం చేసింది శాసనాలకు అర్థం చెప్పడానికి కాదు, కావ్యం చదవడానికి, రాయడానికి. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం కూడా పద్యం కట్టేవారికి పనికొచ్చే కూర్పే. గణం కుదరాలి, యతి కుదరాలి, అందుకు ఒకే వస్తువుకు పది పేర్లు చేతిలో ఉండాలి. లండన్‌లో పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడు 1852లో వెలువరించిన థిసారస్ ఇంకో రకం. భావాలను వర్గాలుగా విడగొట్టి ఒక్కో భావం కింద మాటలన్నీ చేర్చాడాయన. అర్థాలు చెప్పే పని పెట్టుకోలేదు. నాలుక చివర ఉండి గుర్తురాని మాటను అందించడమే ఆ పుస్తకం లక్ష్యం. అదే 1852లో మద్రాసులో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. బ్రౌన్ మాట పక్కన మాట పెట్టి ఊరుకోలేదు, జనం వాడుక నుంచీ, కావ్యాల నుంచీ ప్రయోగాలు తెచ్చి చూపాడు. ప్రజల జీవితాన్ని శాసించే మాటలకు కావలసింది బ్రౌన్ పద్ధతే. కన్సల్టేషన్ అంటే డిస్కషన్, డెలిబరేషన్, అడ్వైస్, కాన్ఫరెన్స్ అని పట్టిక చెబుతుంది. ఆ మాట ఎవరు ఎవరితో వాడతారు, వాడాక ఎవరి చేతులు కట్టుబడతాయి అన్నది పట్టికలో ఉండదు.

అందుకే ఇలాంటి మాటల్ని విడదీసి చూడడానికి నేనొక ప్రశ్న వాడతాను. ఎదుటివాడు ‘కాదు’ అంటే తరవాత ఏమవుతుంది? పెళ్లి మాటల్లో ఈ తేడా మనవాళ్లందరికీ తెలుసు. మేనమామ చెవిన వేయడం ఒకటి, మేనమామను కూర్చోబెట్టి ఆలోచన అడగడం ఇంకొకటి, మేనమామ ఒప్పుకుంటేనే తాంబూలాలు పుచ్చుకోవడం మరొకటి. మొదటిదాంట్లో ఆయన కాదన్నా ఎవరూ వినరు. రెండోదాంట్లో కాదంటే ఎందుకు కాదో విని, బదులు చెప్పి, అప్పుడు ఇంటివారు నిర్ణయం చేసుకుంటారు. మూడోదాంట్లో కాదంటే పెళ్లి ఆగుతుంది. తెలియజేయడం, సంప్రదించడం, సమ్మతి తీసుకోవడం అనే మూడు మెట్లు ఇవి. నిఘంటువులో ఈ మూడూ పక్కపక్కనే కనబడవచ్చు గాని, అధికారం దగ్గరికి వచ్చేసరికి ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య చాలా దూరం ఉంది.

రాజ్యాంగం 217వ అధికరణం తీసుకోండి. హైకోర్టు న్యాయమూర్తిని రాష్ట్రపతి నియమిస్తారు. ఎవరిని సంప్రదించాక? భారత ప్రధాన న్యాయమూర్తిని, ఆ రాష్ట్ర గవర్నర్‌ను, ప్రధాన న్యాయమూర్తి పదవి కాక వేరే న్యాయమూర్తి పదవి అయితే ఆ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని కూడా. వాక్యం ఒకటే, అందులో ముగ్గురు మనుషులు, ముగ్గురికీ కలిపి వాడిన మాట ఒకటే. ఆ మాటకు సమ్మతి అని అర్థం చెబితే ముగ్గురికీ చెప్పాలి. అప్పుడు గవర్నర్ కాదన్నా నియామకం ఆగిపోవాలి. అలా చెప్పినవారు ఇంతవరకు ఎవరూ లేరు. ఒకే వాక్యంలోని ఒకే మాటకు ఒకరి విషయంలో ఒక బరువు, పక్కవారి విషయంలో ఇంకో బరువు ఉంటుందనడానికి వ్యాకరణం ఒప్పదు. ఒప్పించేది వ్యాకరణానికి బయట ఉన్న కారణమేదో అయి ఉండాలి.

ఈ మాటను రాజ్యాంగ సభ పరాకున రాసిందనడానికీ వీల్లేదు. 1949 మే 24న సుప్రీంకోర్టు నియామకాల అధికరణం చర్చకు వచ్చినప్పుడు, మద్రాసు సభ్యుడు బి. పోకర్ సాహెబ్ ప్రధాన న్యాయమూర్తి ‘సమ్మతి’ ఉండాలని సవరణ ప్రతిపాదించారు. అంటే కన్సల్టేషన్, కన్‌కరెన్స్ అనే రెండు మాటలనూ సభ ఎదురెదురుగా పెట్టుకుని చూసింది. అంబేడ్కర్ జవాబు స్పష్టంగా ఉంది. బ్రిటన్‌లో నియామకం పూర్తిగా ప్రభుత్వం చేతిలో ఉంది, అమెరికాలో సెనేట్ ఒప్పుకోవాలి, మనం మధ్యే మార్గం తీసుకుంటున్నామన్నారు. ప్రధాన న్యాయమూర్తి ఎంత గొప్పవారైనా మనందరిలాగే బలహీనతలూ ఇష్టాయిష్టాలూ ఉన్న మనిషే కనుక, రాష్ట్రపతికీ ప్రభుత్వానికీ ఇవ్వని వీటో అధికారాన్ని ఆయనకు ఇవ్వడం ప్రమాదకరమని వాదించారు. సవరణ వీగిపోయింది. తొమ్మిదేళ్ల తరవాత, 1958లో, లా కమిషన్ పద్నాలుగో నివేదిక హైకోర్టు నియామకాలకు ప్రధాన న్యాయమూర్తి సమ్మతి అవసరమని భావించినప్పుడు కూడా, దానికోసం రాజ్యాంగాన్ని సవరించమనే అడిగింది. ఉన్న మాటకే ఆ అర్థం ఉందనలేదు. సమ్మతిని కోరుకున్నవారు కూడా సంప్రదింపు వేరే మాటేనని ఒప్పుకున్నట్టే కదా.

అలాగని సంప్రదింపు ఉత్త లాంఛనమా? కాదని చెప్పడంలోనే సుబ్బారావు గారి గొప్పతనం ఉంది. 1953 తీర్పులో ఆయన చెప్పినదాని సారాంశం ఇది: ఇద్దరో అంతకన్న ఎక్కువ మందో ఒక విషయం మీద కలిసి ఆలోచించాలి, ఒకరి ఆలోచన తాకిడి ఇంకొకరి మీద పడాలి, దానివల్ల సరైన పరిష్కారమో, కనీసం తృప్తికరమైన పరిష్కారమో దొరకాలి. ఇందులో సమ్మతి ప్రసక్తి లేదు. ఉత్తరం పంపి చేతులు దులుపుకోవడానికి చోటూ లేదు. 1966లో ఆయన భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా చంద్రమోహన్ కేసు వచ్చింది. జిల్లా జడ్జీలను గవర్నర్ హైకోర్టును సంప్రదించి నియమించాలని 233వ అధికరణం చెబుతుంటే, ఉత్తరప్రదేశ్ నిబంధనలు ఇద్దరు హైకోర్టు న్యాయమూర్తులూ ప్రభుత్వ న్యాయ కార్యదర్శీ ఉన్న ఎంపిక సంఘానికి ఆ పని అప్పగించాయి. అది చెల్లదన్నారు సుబ్బారావు గారు. రాజ్యాంగం ఎవరిని అడగమందో వారిని అడగాలి. వారిని అడక్కపోవడం ఎంత తప్పో, అడగమనని వారిని కూడా అడిగి వారి మాట మీద నడవడమూ అంతే తప్పు. సంప్రదింపుకు తనదైన నియమం ఉందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కర్లేదు.

కోర్టులన్నీ ఎప్పుడూ ఈ తూకమే పాటించాయని చెప్పలేను. 1957లో మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవ కేసులో, ఉద్యోగి మీద క్రమశిక్షణ చర్య విషయంలో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలన్న 320వ అధికరణం నిబంధనను సుప్రీంకోర్టు తప్పనిసరి కాదంది. సంప్రదించకపోయినా చర్య చెల్లుతుంది. మాట అక్కడ మొదటి మెట్టుకన్న కిందికి జారిపోయింది. సలహా అనే మాట కథ దీనికి తలకిందులు. లోకంలో సలహా పాటించకపోతే అడిగేవాడు లేడు. 74వ అధికరణంలో మంత్రివర్గం రాష్ట్రపతికి ఇచ్చేదీ సలహాయే, కాని 1976 నాటి 42వ సవరణ తరవాత రాష్ట్రపతి దాని ప్రకారమే నడవాలి. 44వ సవరణ ఒక్కసారి పునఃపరిశీలనకు పంపే వీలు మాత్రమే ఇచ్చింది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. సలహాకు కట్టుబడే బలం ఇవ్వాలనుకున్నప్పుడు పార్లమెంటు ఆ సంగతి విడిగా, అక్షరాలా రాసింది. మాట అర్థాన్ని సాగదీసి ఊరుకోలేదు.

సుబ్బారావు గారు 1976లో కన్నుమూశారు. ఆ ఏడాదే, ఎమర్జెన్సీలో, పదహారు మంది హైకోర్టు న్యాయమూర్తులను బదిలీ చేశారు. వారిలో గుజరాత్ హైకోర్టు న్యాయమూర్తి సంకల్‌చంద్ షేఠ్ ఒకరు. ఆయన్ను పంపింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు. ఉత్తర్వు పాటించి హైదరాబాద్ వచ్చి చేరుతూనే ఆయన దాన్ని కోర్టులో సవాలు చేశారు. బదిలీకి భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించాలని 222వ అధికరణం అంటుంది. ఆ సంప్రదింపు ఎలా ఉండాలి? 1977లో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు సుబ్బారావు గారి 1953 నిర్వచనం మీదే నిలబడింది. ఇద్దరి ముందూ ఒకే రకమైన పూర్తి సమాచారం ఉండాలి, సంప్రదింపు నిజమైనదై ఉండాలి, సంప్రదింపు మాత్రం సమ్మతి కాదు అంది. బదిలీకి ఆ న్యాయమూర్తి అంగీకారం కూడా ఉండాలా అన్న దానిమీద ధర్మాసనం చీలింది, అక్కర్లేదని మెజారిటీ చెప్పింది. షేఠ్ గారిని తిరిగి గుజరాత్ పంపడానికి అప్పటికి మారిన ప్రభుత్వం ఒప్పుకోవడంతో వ్యవహారం ముగిసింది. ఆ తీర్పు చెప్పిన అర్థం నాకు నేటికీ సరైనదనిపిస్తుంది. రెండో మెట్టును రెండో మెట్టుగానే నిలబెట్టింది, దాన్ని గట్టిగా నిలబెట్టింది.

1981 డిసెంబరులో ఎస్.పి. గుప్తా కేసులో ఏడుగురు సభ్యుల ధర్మాసనం సంప్రదింపు సమ్మతి కాదన్న అర్థాన్నే నిలిపి, చివరి మాట కేంద్ర ప్రభుత్వానిదేనంది. 1993 అక్టోబరు 6న తొమ్మిది మంది ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. అందరూ కలిసి ఆలోచించి ఏకాభిప్రాయానికి రావడమే సంప్రదింపు లక్ష్యమని మొదలుపెట్టి, అభిప్రాయాలు కలవనప్పుడు ప్రధాన న్యాయమూర్తి తన ఇద్దరు సీనియర్ సహచరులతో కలిసి ఏర్పరచుకున్న అభిప్రాయానిదే పైచేయి అని మెజారిటీ తేల్చింది. దానికి విరుద్ధంగా నియామకం జరగరాదు. మన ప్రశ్న ఇక్కడ వేసి చూడండి. ఆయన ‘కాదు’ అంటే నియామకం ఆగుతుంది. పోకర్ సాహెబ్ సవరణలో ఉన్న మాట, సభ వద్దన్న మాట, నలభై నాలుగేళ్ల తరవాత వేరే మాట వేషంలో రాజ్యాంగంలోకి వచ్చింది.

ఈ అర్థాన్ని 1998లో ఇంకా వివరించమని రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ 143వ అధికరణం కింద సుప్రీంకోర్టును అడిగారు. ఆ అధికరణం శీర్షికే రాష్ట్రపతి సుప్రీంకోర్టును సంప్రదించే అధికారం గురించి. సంప్రదింపు అంటే ఏమిటో చెప్పమని రాష్ట్రపతి కోర్టును సంప్రదించారన్నమాట. ఇద్దరు సహచరులు కాదు, నలుగురు ఉండాలంది కోర్టు. ఈ జవాబుకు కట్టుబడే బలం ఎక్కడ నుంచి వచ్చింది? కోర్టు చెప్పేదాన్ని కట్టుబడవలసినదిగా స్వీకరిస్తామని కేంద్రం తరఫున అటార్నీ జనరల్ ముందే మాట ఇచ్చారు. సంప్రదింపు అనే మాటలోనే సమ్మతి ఉండి ఉంటే ఆ వాగ్దానం చేయవలసిన పనే లేదు. నా వాదానికి ఇంతకన్న బలమైన సాక్ష్యం నాకు దొరకలేదు.

ఈ వాదానికి గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది చరిత్ర నుంచి వస్తుంది. 1973లో ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను దాటి ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. 1977 జనవరిలో హెచ్.ఆర్. ఖన్నాను దాటేశారు. మధ్యలో 1976 నాటి బదిలీలు. సంప్రదింపు పేరిట ప్రభుత్వం ఇంత చేశాక, న్యాయవ్యవస్థ స్వాతంత్ర్యాన్ని కాపాడడానికి మాట అర్థాన్ని పెంచక తప్పలేదంటారు. ఆ భయం నిజమైనది. దాన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు నాకు లేదు. కాని జరిగిన అన్యాయాలు సంప్రదింపు సరిగ్గా జరిగి, దాని వల్ల వచ్చినవి కావు, సంప్రదింపు జరగకపోవడం వల్ల వచ్చినవి. సమాచారం దాచి, కారణం చెప్పకుండా తీసుకున్న నిర్ణయాలవి. రెండో మెట్టు విరిగిందని మూడో మెట్టుకు దాని పేరు పెడితే రెండో మెట్టు బాగుపడదు. 99వ సవరణ నియామకాల కమిషన్‌ను తెచ్చినప్పుడు, 2015లో నలుగురు న్యాయమూర్తులు దాన్ని కొట్టేయగా, కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ ఒక్కరే విభేదించారు. ఆ కమిషన్ మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. నియామకం ఎవరి చేతిలో ఉండాలన్న అసలు తగవును బాహాటంగా, దాని సొంత పేరుతో తేల్చుకోవలసి ఉండగా, ఒక మాట అర్థం చాటున దశాబ్దాలు నడిపాం.

రెండో అభ్యంతరం మరింత ఆచరణకు సంబంధించినది. ‘కాదు’ అన్నా ఆగని సంప్రదింపు కంటితుడుపే కదా అంటారు. ఇంగ్లండ్‌లో 1985లో, లండన్‌లోని బ్రెంట్ పాలకసంస్థ బడుల పునర్వ్యవస్థీకరణ మీద నడిచిన గన్నింగ్ కేసు దీనికి జవాబిస్తుంది. ప్రతిపాదన ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే అడగాలి. ఎదుటివారు తెలివిగా ఆలోచించడానికి సరిపడా కారణాలు చెప్పాలి. ఆలోచించి జవాబివ్వడానికి తగిన గడువివ్వాలి. వచ్చిన జవాబును మనసుపెట్టి పరిశీలించాకే నిర్ణయించాలి. ఈ నాలుగింటిలో ఏది లోపించినా నిర్ణయాన్ని కొట్టేయవచ్చు. 2014లో ఆ దేశపు సుప్రీంకోర్టు కూడా వీటిని ఆమోదించింది. వీటో లేకుండానే సంప్రదింపుకు ఇంత పదును ఉంది. పైగా వీటో చేయలేని పని ఒకటి ఇది చేయగలదు. వీటో ఉన్నవాడు కారణం చెప్పకుండా ఆపగలడు. నిజమైన సంప్రదింపులో ఇద్దరూ కారణాలు చెప్పుకోవాలి.

నన్ను అన్నిటికన్న కలతపెట్టేది ఢిల్లీలో పెద్ద పదవుల సంగతి కాదు. అదే మాట మన ఏజెన్సీ ప్రాంతాలకు వచ్చేసరికి ఏమైందన్నది. పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం నాలుగో సెక్షన్ చదవండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అభివృద్ధి ప్రాజెక్టులకు భూమి సేకరించే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి అని ఐ ఉపవిభాగం. చిన్న తరహా ఖనిజాల లీజుకు ముందస్తు సిఫారసు తప్పనిసరి అని కే ఉపవిభాగం. ఒకే సెక్షన్‌లో రెండు వేర్వేరు మాటలు. కంకర తవ్వుకోవడానికి గ్రామసభ సిఫారసు కావాలి. ఊరే పోయే భూసేకరణకు మాత్రం ఆ చట్టం ప్రకారం సంప్రదింపు చాలు. ఆ సంప్రదింపును సమ్మతిగా సాగదీసి చదవడానికి ఎవరూ పూనుకోలేదు. సంప్రదింపు అంటే అత్యున్నత న్యాయపీఠం దగ్గర సమ్మతి అయింది. అడవిలో ఆదివాసీ దగ్గర చాలాసార్లు ఒక మీటింగు, ఒక సంతకాల రిజిస్టరు అయింది. బలమైనవారి దగ్గర పైకి సాగే మాట బలహీనుల దగ్గర కిందికి జారుతుందంటే, ఆ మాటకు అర్థాన్ని నిలిపి ఉంచే కట్టు ఏదో తెగిందన్నమాట. పర్యాయపదాల అలసత్వాన్ని నేను చిన్న విషయంగా తీసుకోలేకపోవడానికి కారణం ఇదే.

నియంగిరి ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. 2013లో సుప్రీంకోర్టు ఆ కొండ మీది బాక్సైట్ తవ్వకం ప్రశ్నను గ్రామసభలకు వదిలింది, రాయగడ, కలహండి జిల్లాల్లోని పన్నెండు గ్రామసభలూ వద్దన్నాయి, తవ్వకానికి అనుమతి రాలేదు. గొప్ప విజయమే. అయితే ఆ ఫలితం సంప్రదింపు అనే మాటలోంచి పుట్టలేదు. దానికి పునాది 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించిన సామూహిక, సాంస్కృతిక హక్కులు. అదే 2013లో వచ్చిన భూసేకరణ చట్టం ఇంకా నిక్కచ్చిగా నడిచింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలని, అత్యవసర సేకరణలోనూ ఉండాలని 41వ సెక్షన్‌లో రాసింది. ప్రైవేటు కంపెనీల కోసమైతే ప్రభావిత కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం సమ్మతించాలంది. సమ్మతి కావాలనుకున్న శాసనకర్తలు సమ్మతి అనే రాశారు, ఎంతమంది సమ్మతి కావాలో కూడా రాశారు.

మాటల అర్థాలు కాలంతోపాటు మారతాయి కదా అన్నది చివరి అభ్యంతరం. మారతాయి. వాడుకలో మారేటప్పుడు మాట్లాడేవారందరికీ కలిపి మారతాయి. శాసనంలోని మాట ఒకరికి ఒక రకంగా, ఇంకొకరికి ఇంకో రకంగా మారితే అది భాషలో వచ్చే సహజమైన మార్పు అనిపించుకోదు. తెలుగులో పాలన జరగాలని 1966లో అధికార భాషా చట్టం చేసుకున్నాం. ఇంగ్లీషు చట్టాలను తెలుగు చేసేవారు, జీవోలు రాసేవారు, పత్రికల డెస్కుల్లో పనిచేసేవారు ఈ మూడు మాటలనూ విడివిడిగా ఉంచగలరు. ‘గ్రామసభ ఆమోదంతో’ అని రాసే ముందు జరిగింది ఆమోదమా, సంప్రదింపా, ఉత్త సమాచారమా అని అడగగలరు. సంప్రదింపు జరిగిందని అధికారి రాసిన ప్రతి చోటా నాలుగు సంగతులు దస్త్రంలో ఉండాలని నా విన్నపం. ముందు పెట్టిన కాగితాలేమిటి, అవి వారికి అర్థమయ్యే భాషలో ఉన్నాయా, కోయలోనో గోండిలోనో చెప్పారా? ఆలోచించుకోవడానికి ఎన్ని రోజులిచ్చారు? వారు చెప్పిన అభ్యంతరం వారి మాటల్లోనే నమోదైందా? దాన్ని తోసిపుచ్చితే ఏ కారణం మీద తోసిపుచ్చారో వారికి రాతపూర్వకంగా చేరిందా? ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. 1953, 1977 తీర్పులు చెప్పిన అర్థాన్ని అమలు చేయడమే ఇది. ఈ నాలుగింటికీ జవాబు లేని దస్త్రం మీద సంప్రదింపు అనే మాట రాయకూడదు. తెలియజేశామని మాత్రమే రాయాలి.